మా ఆడపడుచుకి అక్షరాలు రావా?

ప్రశ్న: మా ఆడపడుచుకి 34 ఏళ్లు. పుట్టుచెవుడు, మాటా రాదు. పలాసలో జీడిపప్పు పీలింగ్‌కి వెళ్తుంది. ఎన్ని కిలోలు ఒలిచిందని రాశారో చూసుకోవడం రాదు, వేలిముద్ర వేసి వచ్చేస్తుంది. ఊళ్లో రాత్రిబడికి పంపితే కొద్దిరోజులకే మానేసింది. "ఈ వయసులో, అందులోనూ చెవుడు, ఇంకేం వస్తుంది?" అన్నారు అక్కడ చెప్పేవాళ్లు. నిజంగానే రాదా మేడమ్?
- ఒక వదిన, పలాస మండలం

జవాబు: వస్తుంది చెల్లీ. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపంగానే ఉంది. ఈ జిల్లాలో రాత్రిబడులు నడిపినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ చదువంతా చెవి మీదే నడుస్తుంది. టీచరు 'అ' అంటే అందరూ 'అ' అంటారు. బోర్డు వైపు తిరిగి రాస్తూనే మాట్లాడేస్తారు. లైటు వెనకుంటే మొహం చీకట్లో పడుతుంది. ఇక మీ ఆడపడుచు ఏం చూసి నేర్చుకోవాలి?

పోనీ పెదవులు చూసి అర్థం చేసుకుంటుందిలే అనుకుంటారు. మీరే అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి.

అందుకే వర్ణమాల పక్కన పెట్టండి. అంకెలతో మొదలుపెట్టండి, ఎందుకంటే డబ్బు లెక్క ఆమెకి ఎలాగూ తెలిసే ఉంటుంది. తూకం మిషన్ మీద పడిన అంకెని చూసినట్టే చిన్న చీటీ మీద దించుకోమనండి. ఇంటికొచ్చాక తేదీ పక్కన సొంత నోట్‌బుక్‌లో రాయించండి. కూలి పుస్తకంలో ఉన్నదీ, తన నోట్‌బుక్‌లో ఉన్నదీ ఒకటేనా కాదా అని తనే చూసుకున్న రోజున ఇక చదువుకోమని మీరు బతిమాలక్కర్లేదు. తర్వాత తన పేరు, ఊరి పేరు. ఆ తర్వాత వస్తువు ముందు పెట్టి, మీ ఇంట్లో దానికి వాడే సైగ చేసి, మాట రాసి చూపించండి: పప్పు, కిలో, బస్సు, మందు. మాట మొత్తం గుర్తుపట్టాక అక్షరాలు విడదీయండి. నెమ్మదిగానే సాగుతుంది, కంగారు పెట్టకండి.

ఇంట్లో మీరు చెప్పుకుంటున్నారు కదా అని బడివాళ్లని వదిలిపెట్టొద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 18వ సెక్షన్ ఉంది. వయోజన విద్యలో దివ్యాంగులు అందరితో సమానంగా పాల్గొనేలా ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ చూడాలని అందులో రాసి ఉంది. 2022లో మొదలైన 'ఉల్లాస్' పథకం 15 ఏళ్లు నిండిన నిరక్షరాస్యుల కోసమే. ఇవేవీ రాకముందు, 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగుల్లో చదవడం, రాయడం వచ్చినవాళ్లు దాదాపు 55 శాతమే. ఏడేళ్లు దాటిన జనం మొత్తంలో చూస్తే దాదాపు 73 శాతం.

మీ గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌కి కాగితం ఇవ్వండి. ముందు వరస, చెప్పేవాళ్ల మొహం మీద వెలుతురు, బొమ్మల కార్డులు, ఆమె వైపు తిరిగి చెప్పే వాలంటీరు కావాలని విడివిడిగా రాయండి. పట్టించుకోకపోతే సోమవారం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. వెళ్లేటప్పుడు ఆడపడుచుని కూడా తీసుకెళ్లండి, అర్జీ మీద వేలిముద్ర బదులు పేరు రాయగలిగితే రాయనివ్వండి. రసీదు మాత్రం మర్చిపోకుండా తీసుకోండి.