‘ఓక్లహోమా!’ మ్యూజికల్ మొదట వేరే పేరుతో ఆడిందా?

అవును. పాటలు, నృత్యాలతో నడిచే ఈ అమెరికన్ నాటకానికి 1943 మార్చిలో న్యూహేవెన్ నగరంలో ట్రయల్ ప్రదర్శనలు వేసినప్పుడు ఉన్న పేరు ‘అవే వుయ్ గో!’. అసలు మరమ్మతు బోస్టన్‌లో జరిగింది. అక్కడ ‘ఓక్లహోమా’ పాటను బృందగానంగా మార్చారు, చివరికి ఆ పాట పేరే నాటకానికి పెట్టారు, ఆశ్చర్యార్థకంతో సహా.

మార్చి 31న న్యూయార్క్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో తెర లేచింది. అప్పటి అలవాటు ప్రకారం తెర లేవగానే అమ్మాయిల గుంపు నృత్యం చేయాలి. ఇక్కడేమో ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుని వెన్న చిలుకుతూ ఉంటుంది. హీరో గొంతు రంగస్థలం వెనక నుంచి, వాద్యాలు లేకుండా, మెల్లగా వినిపిస్తుంది. నా దృష్టిలో పేరు మార్పు కన్నా ఇదే పెద్ద సాహసం. 1948 మేలో ఆగేసరికి 2,212 ప్రదర్శనలు. మ్యూజికల్స్‌లో అప్పటికి రికార్డు అయిన ఆ సంఖ్యను 1961లో మరో మ్యూజికల్ ‘మై ఫెయిర్ లేడీ’ దాటింది.