వాక్యం చదువుతుంటే యారాలే గుర్తొస్తే...

చెల్లెమ్మా,

నీ ఉత్తరంలో ఉన్న సంగతి ముందు క్లుప్తంగా చెప్తాను, చదివేవాళ్ళకు కూడా తెలియాలి కాబట్టి. వనపర్తి దగ్గర పల్లెటూరు, భర్త, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తమ్మ. ఈస్టర్‌కు ముందొచ్చే నలభై రోజుల ఉపవాస కాలం, అదే లెంట్, మొదలైన దగ్గర్నుంచి పొద్దంతా ఉపవాసం ఉంటున్నావు, చర్చిలో ఇచ్చిన చార్టు ప్రకారం నలభై రోజుల్లో నాలుగు సువార్తలు పూర్తి చెయ్యాలని పట్టుదల. కానీ బైబిల్ తెరవగానే యారాలు (తోడికోడలు) అన్న మాటలే చెవిలో మోగుతున్నాయి. పంపకాల్లో బోరు వాళ్ళ వైపు పడ్డప్పటి నుంచి నీళ్ళ వంతు దగ్గర రోజూ లొల్లి, సాయంత్రానికి నీరసంతో పిల్లల మీద అరుస్తున్నావు, "ప్రార్థన చేసేటోళ్ళకు ఇంత కోపమా" అని అత్తమ్మ ఎత్తిపొడుపు. నాది దొంగ భక్తా అక్కా అని అడిగావు. వాక్యాన్ని ధ్యానిస్తూ ప్రార్థించమని ఒకామె చెప్పింది, అది ఆర్‌సీఎం వాళ్ళ (రోమన్ కేథలిక్కుల) పద్ధతి కదా, మనం చెయ్యొచ్చా అని కూడా అడిగావు.

దొంగ భక్తి అయితే నువ్వు ఈ ఉత్తరమే రాసేదానివి కాదు.

ముందు ఆ చార్టు సంగతి చూద్దాం. నాలుగు సువార్తలు కలిపి 89 అధ్యాయాలు, అంటే రోజుకు రెండు పైనే. పొద్దంతా పల్లి చేలో కాయ తెంపి, గోళ్ళ సందుల్లో మట్టి ఇంకా పోకముందే పొయ్యి ముట్టించి, అందరికీ పెట్టి, రాత్రి పదింటికి పుస్తకం తెరిస్తే కళ్ళు అక్షరాల మీద ఉంటాయి, మనసు బోరు దగ్గర ఉంటుంది. ఎవరికైనా అంతే. చార్టు తప్పని నేను అనను, తీరిక ఉన్నవాళ్ళకు అది మంచిదే, నీకు మాత్రం ఈ ఏడు వద్దు. వెనకబడ్డ అధ్యాయాలు అందుకోవాలన్న టెన్షన్ కూడా వదిలెయ్యి, పండుగ రోజు నిన్నెవరూ లెక్క అడగరు.

ఇక ఆర్‌సీఎం ముచ్చట. ఈ పద్ధతిని పాతకాలపు మఠాల్లో సన్యాసులు పాటించిన మాట నిజమే. 12వ శతాబ్దంలో గీగో అనే సన్యాసి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత దేవుని సన్నిధిలో ఊరికే ఉండిపోవడం. అప్పటికి ప్రొటెస్టెంట్లు, బాప్టిస్టులు అన్న పేర్లే పుట్టలేదు కాబట్టి అది వాళ్ళది, ఇది మనది అనే పంచాయితీ పెట్టుకోకు. "దివారాత్రము దానిని ధ్యానించువాడు" అని మొదటి కీర్తనలోనే ఉంది కదా, అది ఏ చర్చి బైబిల్లో తీసేశారు?

చేసే తీరు చెప్తాను. 13వ కీర్తన తీసుకో, ఆరే వచనాలు. ఈ లెంట్ అంతా అదొక్కటే అయినా సరిపోతుంది. ఇంట్లో ఎవరూ లేవకముందు పది నిమిషాలు దొరుకుతాయి కదా, అప్పుడు కూర్చుని మెల్లగా, నీ చెవికి వినిపించేటట్టు చదువు. రెండోసారి చదివేటప్పుడు ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఆగిపో. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" దగ్గరే ఆగావనుకో, మిగతా ఐదు వచనాలు ఆ రోజుకు పక్కన పెట్టు, ఆ ఒక్క ముక్కే మనసులో అనుకుంటూ ఉండు. బర్రె మేసొచ్చి నీడన పడుకుని నెమరేసుకున్నట్టు, చేనుకు పోయి కాయ తెంపుతున్నప్పుడు కూడా అదే ముక్క తిరగాలి (ఆ సన్యాసులు కూడా ఈ నెమరు పోలికే చెప్పేవాళ్ళు). తర్వాత దేవుడితో నీ మాటల్లో మాట్లాడు. మహోన్నతుడవైన తండ్రీ అని పాస్టర్‌గారిలాగ మొదలుపెట్టక్కర్లేదు, నువ్వు మీ అమ్మతో ఎలా చెప్పుకుంటావో అలాగే చెప్పు, ఏడుపొస్తే ఏడువు. ఆఖర్న కాసేపు ఏమీ అనకుండా కూర్చో. ఏమీ అనిపించకపోతే అనిపించలేదు, లేచి పాలు పితుక్కో. ఒళ్ళు పులకరించాలి, కన్నీళ్ళు కారాలి అని ఎక్కడా రాసిలేదు.

మరి యారాలు గుర్తొస్తే? రానివ్వు. అదే కీర్తన రెండో వచనం చూడు, నా శత్రువు ఎంతకాలం నా మీద పైచెయ్యిగా ఉంటాడని దావీదు దేవుణ్ణే నిలదీస్తున్నాడు. దావీదు కీర్తనలోకే శత్రువు వచ్చి కూర్చుంటే నీ ప్రార్థనలోకి యారాలు రావడంలో వింతేముంది? ఆమె ఏ మాట అన్నది, అందులో నీకు ఏది నొప్పి పెట్టింది, నీళ్ళా, నలుగురిలో పరువా, మీ ఆయన నోరు మెదపకపోవడమా, అది దేవుడితో విడమరిచి చెప్పు. నాకైతే నీ ఉత్తరం చదువుతుంటే ఆ మూడోదే అసలు నొప్పి అనిపించింది. కాకపోతే ఒక హద్దు ఉంది. రేపు ఆమె ఎదురైతే ఏమని బదులివ్వాలా అని మనసులో డైలాగులు తయారవుతుంటే అక్కడికి ప్రార్థన అయిపోయినట్టే, కళ్ళు తెరిచి వచనం మళ్ళీ పైకి చదువు.

తాను తవ్వుకున్న గుంటలో తానే పడతాడన్న ఏడో కీర్తన మాట వాట్సాప్ స్టేటస్ పెట్టానని, అది చూసి ఆమె నల్లా దగ్గర తిట్టిందని రాశావు కదా, తిట్టక ఏం చేస్తుంది! ఎవరి మీద పెట్టావో ఊరందరికీ తెలుసు. వాక్యం నీకు వినిపించాలంటే ముందు దాన్ని ఆమె మీదికి విసరడం ఆపాలి. ఈస్టర్ దాకా స్టేటస్‌లు బంద్ పెట్టు, ఆ ఉపవాసమే నీకు తిండి మానేసినదానికంటే కష్టంగా ఉంటుంది.

తిండి మాటకొస్తే, మార్చి ఎండలో నీళ్ళు కూడా ముట్టకుండా చేను పని చేస్తున్నావు, కళ్ళు తిరుగుతున్నాయంటున్నావు, ఆదివారం కూడా పస్తే. ఆదివారాలు ఈ నలభైలో లెక్కకు రావమ్మా, అందుకే లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కేస్తే 46 రోజులు వస్తాయి. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా చావే నయమని చెట్టు కింద పడిపోతే దూత వచ్చి ఒక్క మాట కూడా గద్దించలేదు, రొట్టె పెట్టి నీళ్ళిచ్చాడు, అతను మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టాడు. ఆ తిండి బలంతోనే ఏలీయా నలభై రోజులు నడిచి హోరేబు చేరాడు. నువ్వు కూడా పొద్దున ఇంత తిని పో, చేనులో మజ్జిగ తాగు, వీలు చూసుకుని ప్రభుత్వ దవాఖానలో బీపీ, రక్తం చూపించుకో. మానెయ్యాలనుకుంటే చాయ్ మానెయ్, మాంసం మానెయ్. పిల్లల మీద అరుపులు సగం దీనితోనే తగ్గుతాయి.

బోరు గొడవ మాత్రం ధ్యానంతో తీరదు, దాన్ని అలా తీర్చమని దేవుణ్ణి అడగకు కూడా. ధ్యానం వల్ల నీ నోట్లో మాట కొంచెం నెమ్మదిస్తుంది, అంతవరకే. వంతుల సంగతి మాట్లాడాల్సింది నువ్వూ యారాలూ కాదు, మీ ఆయనా మీ బావగారూ. "మీ అన్నతో మాట్లాడలేకపోతే చెప్పు, మామ వరసయ్యే పెద్దమనిషినొకరిని వెంట తీసుకపోదాం" అని మీ ఆయనకు ఈ ఆదివారం భోజనాలయ్యాక, అత్తమ్మ లేనప్పుడు చెప్పు. ఏ రోజు ఎవరిది, మోటారు కాలిపోతే ఖర్చెవరిది అని కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆలస్యం చెయ్యకు. పల్లి పీకాలంటే నేల తడవాలి కాబట్టి ఇప్పుడైతే అన్నకూ అవసరమే, తమ్ముడికీ అవసరమే. పీకుడు అయిపోయిందంటే ఆ బోరు ఎవరికీ గుర్తుండదు, మళ్ళీ వచ్చే యాసంగికే లేస్తుంది ఈ లొల్లి.