ఆర్నెల్లలో బీ2 రాలేదని పిల్లని తిట్టకండి

జగిత్యాల దగ్గర నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ అయ్యి ఒక ఏడాది హాస్పిటల్లో చేసింది, జర్మనీ వెళ్తానంటే హైదరాబాద్‌లో కోచింగ్‌లో చేర్పించారు, ఆర్నెల్లలో బీ2 గ్యారంటీ అని చెప్పి లక్షా ఇరవై వేలు కట్టించుకున్నారట. (జర్మన్ ఎంత వచ్చో చెప్పే మెట్లు ఇవి, ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి పోతాయి.) రోజుకి రెండు గంటల క్లాసు. నాలుగు నెలలైంది, ఇంకా ఏ2 దగ్గరే ఉంది. "హాస్టల్‌కి పోయి చూస్తే ఫోన్లో పందిపిల్లల కార్టూన్ చూస్తోంది మేడం, అడిగితే ఇదే చదువు అంటోంది, గ్రామర్ బుక్ ముట్టట్లేదు. జర్మన్ మానిపించి యూకే పంపమంటారా, రెండిట్లో ఏది నయమో పోల్చి చెప్పండి" అని అడిగారు.

అన్నగారూ, పోలిక చెప్తా, కానీ మీ అసలు బాధ యూకేనా జర్మనీనా అన్నది కాదు కదా. కట్టిన డబ్బు పోయిందేమో, పిల్ల టైంపాస్ చేస్తోందేమో, మనకి తెలియని చదువు కాబట్టి మనల్ని మాయ చేస్తోందేమో అన్నది. ఈ ప్రశ్న నా దగ్గరికి వారానికి ఒకటైనా వస్తుంది, ఒకసారి జపనీస్ పేరుతో, ఒకసారి ఐఈఎల్‌టీఎస్ పేరుతో.

ముందు లెక్క చూద్దాం. బీ2 పరీక్షకి రావాలంటే సుమారు 600 నుంచి 800 క్లాసులు పడతాయని జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోతె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళే చెప్తారు, ఒక్కో క్లాసు 45 నిమిషాలు. ఏ2 కి అయితే 200 నుంచి 350. మీ అమ్మాయి నాలుగు నెలల్లో వంద రోజులు వెళ్లిందనుకుందాం, రోజుకి రెండు గంటలు, అంటే 200 గంటలు, క్లాసుల్లో చెప్పాలంటే దాదాపు 266. మరి ఆ అమ్మాయి ఎక్కడుంది? ఏ2 లోనే. సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది! వెనకబడింది మీ అమ్మాయి కాదు, అన్యాయమైన మాట చెప్పింది ఆ ఆర్నెల్ల గ్యారంటీ.

ఇక కార్టూన్ సంగతి. మీరు చెప్పింది పెప్పా పిగ్ అనుకుంటా, జర్మన్‌లో పెప్పా వుట్స్ అంటారు. అందులో ఒక కథలో పెప్పా మొహం మీద ఎర్ర మచ్చలొస్తాయి, డాక్టర్ ఎలుగుబంటి వస్తాడు. ఆ బొమ్మ కళ్ళముందు కనిపిస్తుంటే వాడేమంటున్నాడో సగం డిక్షనరీ లేకుండానే తెలిసిపోతుంది. మచ్చలు, మందు, డాక్టరు, పడుకోవడం, ఇవన్నీ రేపు వార్డులో పనికొచ్చే మాటలే కదా. దాన్ని రెండోసారి చూస్తే ఇంకొంచెం, నాలుగోసారికి నోటికి తనంతట తనే వస్తుంది. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసిన స్టీఫెన్ క్రాషెన్ 1980ల నుంచి చెప్తున్నది ఇదే, మనకి అర్థమయ్యే మాటలు ఎక్కువగా విని, చదివితేనే భాష లోపలికి దిగుతుంది, ఉన్న లెవెల్ కన్నా ఒక మెట్టు పైన ఉంటే చాలు అని. మీ ఊళ్లో దుబాయ్, మస్కట్ వెళ్లొచ్చినవాళ్ళని అడగండి, హిందీ ఎవరు నేర్పారని. ఏ పుస్తకం చదివారు? క్యాంపులో పక్క మంచం అతను వంట దగ్గర చెయ్యి చూపించి "నమక్ దే" అంటే ఉప్పు డబ్బా అందించారు, అంతే, అట్లా వచ్చింది.

ఇంకో మాట, నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి చెప్తున్నా. మన పిల్లలు జర్మన్‌ని ఇంగ్లీష్ మీదుగా నేర్చుకుని కష్టపడతారు. "నాకు చలిగా ఉంది" అన్నదానికి జర్మన్‌లో "మియ ఇస్ట్ కాల్ట్" అంటారు, "మియ" అంటే "నాకు"! ఇంగ్లీష్‌లో ఆలోచించి "ఇష్ బిన్ కాల్ట్" అంటే నేను మనసు లేని మనిషిని అన్నట్టు వినిపిస్తుంది. ముసలి పేషెంట్ "మియ ఇస్ట్ ష్విండ్లిష్" అంటే "నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని, అచ్చం మనలాగే. "వైల్" (ఎందుకంటే) అని మొదలుపెడితే క్రియ చివరికి పోతుంది, అదీ మనలాగే. ఇది గ్రామర్ పుస్తకంలో డేటివ్ టేబుల్‌గా, అంటే "నాకు, నీకు" లాంటి రూపాల పట్టికగా బట్టీ పడితే పరీక్షరోజు దాకా ఉంటుంది, వందసార్లు వింటే ఎప్పటికీ ఉంటుంది.

అలాగని చూస్తూ కూర్చుంటే చాలు అని కూడా నేను అనను. అర్థం కాని సినిమా రోజుకి మూడు గంటలు పెట్టుకుంటే అది ఫ్యాన్ చప్పుడుతో సమానం, ఏమీ రాదు. ఇంకోటి, కెనడాలో ఇంగ్లీష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకి స్కూల్లో చాలా పాఠాలు ఫ్రెంచ్‌లోనే ఏళ్లతరబడి చెప్పారు, వాళ్లకి అర్థం చేసుకోవడం అద్భుతంగా వచ్చింది, మాట్లాడ్డంలో, రాయడంలో మాత్రం తప్పులు అలాగే ఉండిపోయాయి. అది చూసే మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో మాట్లాడించాలి, రాయించాలి కూడా అన్నారు. కాబట్టి బీ1 మొదలయ్యాక మీ అమ్మాయి రోజూ ఇరవై నిమిషాలైనా ఎవరితోనో ఒకరితో జర్మన్ మాట్లాడాల్సిందే, గ్రామర్ కూడా కొంచెం చూసుకోవాల్సిందే. జర్మనీ ప్రసార సంస్థ డాయిచ వెలె వాళ్ల వీడియో కోర్సు "నీకోస్ వెగ్" ఏ1 నుంచి బీ1 దాకా ఫ్రీగా ఉంది, కార్టూన్ అయిపోతే దాంట్లోకి వెళ్లమనండి.

ఇప్పుడు ఈ జర్మనీ మోజు గురించి నా అనుమానాలు. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి మోడల్ జవాబులు బట్టీపట్టి బీ2 పాసైపోయింది. తర్వాత అక్కడి హాస్పిటల్ వాళ్ళు వీడియో కాల్‌లో "పేషెంట్ అన్నం తిననంటే ఏం చేస్తావు" అని అడిగారు. తను తన పేరు, ఊరు, హాబీలు చెప్పడం మొదలుపెట్టింది. ప్రశ్నే అర్థం కాలేదు. సర్టిఫికెట్ చేతిలో ఉంది, భాష చెవిలో లేదు. ఆ తొందరపాటు కోర్సుకి సరేనన్నవాళ్ళలో నేనూ ఉన్నా, అది ఇప్పటికీ బాధే. ఇంకా ఏజెంట్లు చెప్పనివి ఉన్నాయి, అక్కడ నర్సే పేషెంట్‌కి స్నానం చేయిస్తుంది, తినిపిస్తుంది, మన దగ్గర ఇంటివాళ్ళూ ఆయమ్మలూ చేసే పని అది. మన నర్సింగ్ చదువుకి అక్కడ పూర్తి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగానే చెయ్యాలి, జీతం తక్కువ. ముసలివాళ్ళు మాట్లాడే యాస క్లాసులో విన్నట్టు ఉండదు. ఇవన్నీ తెలిసి ఇష్టంగా వెళ్తే మంచి దారే, అక్కడ నర్సుల కొరత నిజం. బీ2 గ్యారంటీ అన్నవాడికి మాత్రం ఇంకో రూపాయి కట్టకండి, విదేశీ ఉద్యోగాలు చూసే మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆఫీసుకి వెళ్లి వాళ్ల జర్మనీ ప్రోగ్రాముల గురించి అడగండి.

మిమ్మల్ని కూడా ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. రోజూ రాత్రి ఫోన్ చేసి "ఇవాళ ఎన్ని మాటలు నేర్చుకున్నావ్, పక్కింటోళ్ల పిల్లకి వీసా వచ్చింది తెలుసా" అని మీరు అడుగుతున్నారని మీ ఉత్తరంలోనే ఉంది. భయంతో బిగుసుకున్న మనిషికి భాష ఎక్కదు, క్రాషెన్ దీని గురించి కూడా విడిగా రాశాడు. ఇరవై మూడేళ్ల పిల్ల, రాత్రి డ్యూటీల్లో మనుషుల ప్రాణాలు చూసుకున్న పిల్ల, తనని కార్టూన్ దొంగలా పట్టుకుంటారా? గ్రామర్ బుక్ మీద దుమ్ము చూసినవారు ఏ1 నుంచి ఏ2 కి వచ్చింది చూడలేదేం?

పోలిక అడిగారుగా. యూకేకి భాష తొందరగా అవుతుంది, నర్సింగ్ ఇంగ్లీష్‌లోనే చదివింది కాబట్టి, ఐఈఎల్‌టీఎస్‌లో 7 తెచ్చుకోవాలి, రైటింగ్‌లో 6.5 చాలు. కానీ ఈమధ్య అక్కడ బయటి నర్సుల్ని తీసుకోవడం బాగా తగ్గింది. నాలుగు నెలల జర్మన్‌ని పారేసి అటు వెళ్లమని నేను చెప్పను, బీ2 కి ఇంకో ఎనిమిది, పది నెలలు ఇవ్వండి.

రేపు ఫోన్ చేసినప్పుడు మాటల లెక్క అడక్కండి. "ఇవాళ చూసిన కార్టూన్‌లో ఏమైందమ్మా, నాకు తెలుగులో చెప్పు" అనండి. మొత్తం కథ చెప్పగలిగితే తను సరైనదే చూస్తోంది. మధ్యలో ఆగిపోతే ఇంకొంచెం తేలికైనది చూడమనండి.