దద్దుర్లను డాక్టర్లు తేలిగ్గా తీసుకుంటుంటే...

ప్రశ్న: మోచేతులు, మోకాళ్ల మీద చిన్న నీటి పొక్కులు లేచి, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద పెడుతున్నాయి. గోధుమ వల్లేమోనని నా అనుమానం. ఇద్దరు డాక్టర్లు ఎగ్జిమా అని ఆయింట్‌మెంట్ రాసి పంపేశారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం కొట్టిపారేయదగినది కాదు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల వచ్చే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అనే వ్యాధి సాధారణంగా మీరు రాసిన చోట్లే, పిరుదుల మీద కూడా, రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అయితే గోకడంతో పొక్కులు చిట్లిపోయి, డాక్టరు చూసే వేళకు గీరుకుపోయిన మచ్చలే మిగులుతాయి కనుక దానిని ఎగ్జిమాగా పొరబడడం తరచూ జరుగుతుంది. కొత్త పొక్కు లేచిన రోజే ఫొటో తీసి ఉంచుకోండి.

చర్మవ్యాధి నిపుణులను కలిసినప్పుడు, ఈ వ్యాధి కాదని ఏ పరీక్షతో నిర్ధారించారో మర్యాదగానే అయినా సూటిగా అడగండి; అది అడిగే హక్కు మీకుంది. పొక్కు మీద నుంచి కాక, దాని పక్కనే మామూలుగా కనిపించే చర్మం నుంచి చిన్న ముక్క తీసి, డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ (మెరిసే రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసే) పద్ధతిలో ఐజీఏ అనే యాంటీబాడీ నిక్షేపాల కోసం చూడాలి. గ్లూటెన్ సమస్యను పసిగట్టే టీటీజీ యాంటీబాడీ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన, కడుపులో ఏ బాధా లేనంత మాత్రాన, వ్యాధి లేదని తేల్చలేరు.

పరీక్షలు పూర్తయ్యే వరకు దయచేసి గోధుమ మానకండి, మానితే ఫలితాలు తప్పుదారి పట్టించవచ్చు. వ్యాధి తేలితే డాప్సోన్ అనే మందుతో దురద కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. అది మొదలుపెట్టే ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందేమో తెలిపే రక్తపరీక్ష చేయించుకోవాలి. గ్లూటెన్ లేని ఆహారం మాత్రం జీవితాంతం పాటించాలి, దాని ఫలితం చర్మం మీద కనిపించడానికి నెలలు పడుతుంది.