ఒక్క విమానం పూర్వాపరాలు తెలుసుకో: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మాల్దీవుల్లో నీటి మీద దిగే, రెండు ఇంజన్ల ట్విన్ ఆటర్ విమానాల దగ్గర నీకు టెక్నీషియన్ ఉద్యోగం ఖాయమైందని మా చెల్లెలు చెప్పగా విని ఎంతో సంతోషించాను. వాయుసేనలో నేను పనిచేసింది దానికి ముందు తరమైన ఒంటి ఇంజను ఆటర్ మీద. రెండూ కెనడాలోని డీ హావిలాండ్ కర్మాగారంలో తయారైనవే కాక, ట్విన్ ఆటర్ రెక్కలకూ బాడీకీ మూలం ఆ పాత ఆటరే కనుక నీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పగలననుకుంటున్నాను. నీకు అప్పగించిన విమానాల్లో ఒక్కదాన్ని ఎంచుకుని, అది కర్మాగారం గడప దాటిన నాటి నుంచి నేటి వరకు ఎక్కడెక్కడ పనిచేసిందో, ఏమేమి భరించిందో పూర్తిగా తెలుసుకో. మిగతా విమానాలను చూసే చూపు దాని నుంచే వస్తుంది.

ట్విన్ ఆటర్ మొదటిసారి ఎగిరింది 1965 మే నెలలో. 1988లో తయారీ ఆగేనాటికి 844 విమానాలు బయటికి వచ్చాయి. కొత్త శ్రేణి 2010 నుంచి మొదలైనా, పాతవి నేటికీ చాలాచోట్ల ఎగురుతూనే ఉన్నాయి కాబట్టి నీ చేతికి వచ్చేది నీకంటే పెద్దదే కావచ్చు. అయితే పుట్టిన సంవత్సరాన్ని చూసి దాని ఆయుష్షు లెక్కగట్టవద్దు. ఎగిరిన గంటలు, దిగిన సార్లు, గడిచిన కాలం అనే మూడు లెక్కలు విడివిడిగా నడుస్తాయి. దీవికీ దీవికీ మధ్య చిన్న చిన్న ప్రయాణాలు చేసే విమానానికి గంటలు తక్కువగా కనిపించినా దిగిన సార్లు ఎక్కువగా పోగవుతాయి, దిగిన ప్రతిసారీ నీటి దెబ్బ ఫ్లోట్ల (విమానాన్ని నీటి మీద తేల్చే పడవలాంటి గుల్లల) కాళ్ల గుండా బాడీలోని ఫ్రేములకు చేరుతుంది.

రికార్డులు తెరిచినప్పుడు ముందుగా తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరు చూడు. తోక మీద రాసే రిజిస్ట్రేషన్ దేశం మారితే మారిపోతుంది, సీరియల్ నంబరు మాత్రం చివరిదాకా అదే ఉంటుంది. అదే కంపెనీ చేసిన బీవర్ విమానాల్లో ఒకటో నంబరుది, సీఎఫ్-ఎఫ్‌హెచ్‌బీ అనే రిజిస్ట్రేషన్ గలది, 1947 ఆగస్టు 16న టొరంటో దగ్గరి డౌన్స్‌వ్యూలో మొదట ఎగిరింది. పరీక్షలు ముగిశాక దాన్ని దాచిపెట్టకుండా అమ్మేశారు. అది కెనడా అడవుల్లో, సరస్సుల మీద ఏళ్ల తరబడి బరువులు మోసి, ఇప్పుడు ఒంటారియో రాష్ట్రంలోని సూ సెయింట్ మేరీ పట్టణపు మ్యూజియంలో ఉంది. మొదటి నమూనా అయినంత మాత్రాన దాన్ని పనిలోంచి తప్పించలేదన్న సంగతి నాకు ఎప్పుడూ ఇష్టంగా తోస్తుంది.

బాడీకి ఒక లాగ్‌బుక్ (చేసిన పనుల వివరాలు రాసే పుస్తకం), ఒక్కొక్క ఇంజనుకు ఒకటి, ఒక్కొక్క ప్రొపెల్లరుకు ఒకటి ఉంటాయి. ఇంజన్లు ఒక విమానం నుంచి దిగి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) అయ్యాక మరో విమానానికి ఎక్కుతాయి కనుక వాటి వయసుకూ బాడీ వయసుకూ పొంతన ఉండదు. పెద్ద రిపేర్లు ఎక్కడ జరిగాయో, ఒకప్పుడు మంచు మీద స్కీలతో దిగిందో, మట్టి రన్‌వేల మీద చక్రాలతో దిగిందో వెతుకు. తూకం కాగితాలను వరుసగా పక్కపక్కన పెట్టి చూడు. అతుకు రేకులు, రంగు మీద రంగు, తడిసిన లోపలి పొరలు కలిసి ఖాళీ విమానం బరువును ఏళ్ల మీద పెంచుతాయి. కారణం రాయని పెరుగుదల కనిపిస్తే సీనియర్లను తప్పకుండా అడుగు.

ఇక ఉప్పు సంగతి. మన వరంగల్ ఎండకు ఇనుప గేటు తుప్పు పట్టడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి సముద్రపు గాలి ఎంత త్వరగా పని చేస్తుందో నీకు అక్కడికి వెళ్తే గానీ తెలియదు. పైగా మామునూరు విమానాశ్రయం 1981లోనే మూతపడింది కనుక మీ తరం పిల్లలకు ఇంటి దగ్గర విమానాన్ని ముట్టుకుని చూసే అవకాశమే లేకపోయింది. లక్నవరం లాంటి మంచినీటి చెరువు మీద తేలే విమానానికి లేని కష్టం సముద్రం మీద తేలేదానికి ఉంటుంది. ఉక్కు బోల్టు అల్యూమినియం రేకును తాకే చోట ఉప్పునీరు నిలిస్తే అది అల్యూమినియాన్నే తినేస్తుంది. రేకులను కలిపి బిగించే రివెట్ల చుట్టూ రంగు చిన్న బుడగలా లేచిందంటే, గోరుతో నొక్కితే కింద తెల్లటి పొడి రాలిందంటే, రేకు లోపలి వైపు కూడా విప్పి చూడవలసిందే. రివెట్ తల వెనక గాలి వాలు వైపు నల్లటి చార సాగి ఉంటే అది మురికి అనుకుని తుడిచి వదిలేయకు. రివెట్ వదులై, లోహం లోహాన్ని రాసుకుంటున్నప్పుడు రాలిన పొడి అది. తుడవక ముందే చూపించు.

ఫ్లోటు లోపల విడివిడి గదులు ఉంటాయి. ఉదయం చేతి పంపుతో ఒక్కొక్క గదిలోని నీటిని తోడేటప్పుడు ఏ గది నుంచి ఎంత వచ్చిందో నీ నోటు పుస్తకంలో రాసుకో. అన్నిటిలో కొద్దిగా రావడం మామూలే, కానీ ఒకే గది రోజురోజుకూ ఎక్కువ నీరు ఇస్తోందంటే ఎక్కడో అతుకు విడుతోంది. విమానాన్ని నడిపే పలకలను కదిలించే కంట్రోల్ కేబుళ్ల (ఉక్కు తీగల తాళ్ల) మీద మాత్రం వట్టి చెయ్యి పెట్టకు. పాత గుడ్డ చుట్టి మెల్లగా లాగితే తెగిన పోగు గుడ్డకు తగులుకుంటుంది. పుల్లీ (కప్పీ) మీద వంగే చోటే పోగులు ముందు తెగుతాయి కనుక, కేబుల్‌ను కదిలించి ఆ భాగం బయటికి వచ్చాక చూడు. రోజు ముగిశాక ఇంజనులో గాలిని నొక్కి పంపే కంప్రెసర్‌ను మంచినీటితో కడగడం, బాడీని కడగడం మీ పనివేళల్లో ఎలాగూ ఉంటాయి. రాత్రి ఆలస్యమైన రోజున కూడా వాటిని మరునాటికి వాయిదా వేయనివ్వకు.

వాయుసేనలో మాకు ఎఫ్-700 అనే పుస్తకం ఉండేది. అందులో సంతకం లేనిదే విమానం కదిలేది కాదు. నీ కంటితో చూడని పనికి, ఎంత పెద్దవారు తొందరపెట్టినా, సంతకం పెట్టకు. రాసేటప్పుడు 'బాగుంది' అని ఒక్క మాటతో ముగించకుండా, ఏ భాగం, ఏ వైపు, ఏమి కనిపించింది, ఏ నంబరు గల విడిభాగం వేశావు అనేది పూర్తిగా రాయి. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచే కుర్రవాడికి నీ చేతిరాత తప్ప మరో ఆధారం ఉండకపోవచ్చు.

చేరిన తర్వాత మొదటి ఉత్తరంలో నువ్వు ఎంచుకున్న విమానం సీరియల్ నంబరు, అది ఇప్పటివరకు ఏయే దేశాల్లో పనిచేసిందో రాసి పంపు.

ఇట్లు,
నీ మేనమామ
హనుమకొండ