దొనకొండ అమ్మాయికి ఉత్తరం

అమ్మా,

నీ కథ అందింది. నిదానంగా చదివాను. దొనకొండలో డోన్ ప్యాసింజర్ ఎక్కి, తాతతో కలిసి నంద్యాల వెళ్లిన ఏడేళ్ల పిల్ల కథ. అదే లైను మీద నా చిన్నతనమూ కొంత గడిచింది. అందుకే చెప్పాల్సినవి కాస్త గట్టిగానే చెప్తాను. ఏమీ అనుకోవద్దు.

నువ్వు రాసింది ప్యాసింజర్ బండి గురించి. కానీ కథ మాత్రం ఎక్కడా ఆగకుండా పోయింది. దొనకొండలో ఎక్కారు, చెట్లూ కొండలూ వెనక్కి పరుగెత్తాయి, నంద్యాలలో దిగారు. మధ్యలో గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట ఏమైపోయాయి? కదిలే బండి పిల్లలకు కాసేపే వింత. తర్వాత నిద్రొస్తుంది. ఆగిన బండి అలా కాదు. ఎందుకు ఆగింది? ఎంతసేపు ఆగుతుంది? దిగితే మనల్ని వదిలేసి పోతుందా? తాత నీళ్లకని దిగాడు, ఇంకా రాలేదే? పిల్ల టెన్షనంతా అక్కడే ఉంటుంది. చెట్లు వెనక్కి పరుగెత్తడం ఇప్పటికే అందరూ రాసేశారు, దాన్ని కొట్టెయ్. ఆ స్టేషన్లలో ఒకటి ఎంచుకుని, బండి అక్కడ ఆగినంతసేపూ నువ్వూ ఆగు.

నా సంగతి చెప్తాను, ఎలా ఆగాలో తెలియడానికి. మాది దర్శి వైపు. అవ్వతో బస్సులో కురిచేడు వచ్చి, గుంతకల్లు పోయే ప్యాసింజర్ ఎక్కాం. అప్పుడది మీటరు గేజి, అంటే సన్న పట్టాల లైను, బొగ్గు ఇంజను. మీ దొనకొండలో ఇంజన్ల షెడ్డు ఉండేది. బండి అక్కడ చాలాసేపు ఆగేది. ఫైర్‌మన్ పైకెక్కి, స్తంభానికి వేలాడే లావుపాటి గొట్టాన్ని లాగి ఇంజను వెనక తొట్టిలో పెట్టేవాడు. నిండిన నీళ్లు పొర్లి పట్టాల మధ్య పడేవి. కిందికి రాలగొట్టిన నిప్పుల బూడిద మీద పడితే సుయ్యిమని ఆవిరి లేచేది. ఇంకొకాయన నూనె డబ్బా పట్టుకుని చక్రాల దగ్గర వంగి, ఏదో వింటున్నట్టు ఉండిపోయాడు. ఆయన ఏం విన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆ వంగిన వీపు, మసి పట్టిన చొక్కా, అంతే గుర్తు. కథకు అది చాలు.

కిటికీలోంచి తల బయట పెట్టొద్దని అవ్వ చెప్తూనే ఉంది. గజ్జెలకొండ దాటాక కంట్లో బొగ్గు నలుసు పడింది. గగ్గోలు పెట్టాను. అవ్వ కొంగు కొసను ఉండగా చుట్టి, నోటికి ఆనించుకుని వెచ్చగా ఊది, రెప్ప మీద అద్దింది. మళ్లీ ఊదింది, మళ్లీ అద్దింది. ఆ కొంగుకు ఆకువక్క వాసన. మా అవ్వ నన్నెంత ప్రేమగా చూసేదో చెప్పడానికి నాకింకో వాక్యం అక్కర్లేదు. నీ కథలో 'తాతయ్యకు నేనంటే ప్రాణం' అని రాశావు. అది తీసేసి, ఆ రోజు తాత చేతులు ఏం చేశాయో రాయి.

మనుషుల మాట గురించి ఒక సంగతి. నీ కథలోని రైలుపెట్టెలో అందరూ టీవీ వార్తలు చదివినట్టే మాట్లాడుతున్నారు. ఆ లైను మీద అలా కుదరదు. మన ప్రకాశం జిల్లా 1970లో మూడు జిల్లాల ముక్కలు కలిపితే ఏర్పడింది. ఒంగోలు వైపు గుంటూరుది, దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరువి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. పైగా ఆ బండి గుంటూరులో బయలుదేరి సీమలోకి పోతుంది. నరసరావుపేటలో ఎక్కినాయన 'ఏందయ్యా' అంటే, గిద్దలూరులో ఎక్కినాయన 'ఏమప్పా, యాడికి?' అని పలకరించేవాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద ఒళ్లు ముడుచుకుని సర్దుకునేవాళ్లు. మార్కాపురం రోడ్డులో పలకల వ్యాపారి ఒకాయన ఎక్కి, సరుకు పెట్టె పక్కనే కూర్చున్నాడు. మేం బడిలో దిద్దుకునే పలకలు ఇక్కడి నుంచే వస్తాయని అవ్వతో చెప్పాడు. అప్పటిదాకా పలకంటే అంగట్లో పుట్టే వస్తువనుకున్నాను. ఆ పెట్టెను తడిమి చూశాను. అది ఆయనకు సరుకు, నాకు ఆశ్చర్యం. ఇద్దరం చూసిన తేడాలోనే ఒక పేజీ రాయొచ్చు.

ఇక అసలు సంగతి. నీ కథలో పాప నల్లమల అడవిలోని దొరబావి రైలు వంతెన మీంచి కిందికి తొంగిచూసి భయపడింది. అమ్మా, ఆ పాప అది చూడలేదు. ఆ లైను 1880ల చివర్లో వేశారు. 1876-78 ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోయాక, కరువు సీమకు తిండిగింజలు చేరవేయడానికి కూడా పనికొస్తుందని బళ్లారి నుంచి కృష్ణ దాకా తలపెట్టిన మార్గం. దొరబావి వంతెన ఆ పాత మీటరు గేజిది. 1990లలో బ్రాడ్‌గేజి, అంటే వెడల్పు పట్టాల లైను చేసినప్పుడు నల్లమలలో బొగద దగ్గర దారి మార్చి, కొత్త సొరంగం తవ్వారు. ఆ తర్వాత ఆ వంతెన మీదికి రైలు పోలేదు. నువ్వు పుట్టేనాటికే అది పనిలో లేదు. ఆ వంతెన మీంచి భయంగా కిందికి చూసింది నేను, మీ తాత, మా కాలం వాళ్లు.

నువ్వు అబద్ధం రాశావని అనడం లేదు. తాత చెప్పగా చెప్పగా విని, చూసిందే అనుకున్నావు. చిన్నతనపు జ్ఞాపకాల్లో సగం ఇలాంటివే. కానీ రాసేవాళ్లు ఏది కళ్లతో చూసిందో, ఏది చెవులతో విన్నదో విడదీసుకోవాలి. ఇక్కడ విడదీస్తే నీకు నష్టం లేదు, ఇంతకంటే పెద్ద కథ దొరుకుతుంది. మీ తాత ఆ లైను మీదే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడని నీ ఉత్తరంలో రాశావు. కథలో మాత్రం ఆ ముక్క లేదు! 'దిగువమెట్ట దాటాక తాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు' అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఎందుకు తిరిగాడు? తను కాపలా కాసిన పట్టా ఏ వైపు ఉండేదో ఆయనకు తెలుసు. బండి కొత్త సొరంగంలోకి దూరబోతోంది, ఆయన పాత దారి కోసం వెతుకుతున్నాడు. పక్కన పిల్లకు ఇదేమీ తెలియదు. చీకటి పడగానే తాత చెయ్యి పట్టుకుంది, అంతే. వంతెనను తాత నోట చెప్పించు, పిల్లకు చీకటిని ఇవ్వు. నీ కథ అక్కడుంది.

పిల్లకు తెలియని విషయాన్ని పిల్ల నోట పలికించకు. మా అవ్వ ఆ రోజు కంభంలో సద్దిమూట విప్పి సజ్జ రొట్టె, పచ్చడి నాకు పెట్టింది. తను ముట్టలేదు. మరచెంబులో నీళ్లు మాత్రం తాగింది. ఆకలి లేదేమో అనుకున్నాను. గుంతకల్లులో మేనత్త ఇంట్లో రెండు పూటలున్నాం. తిరుగు బండిలో అత్త కూడా వచ్చింది, తన ట్రంకు పెట్టెతో సహా. నాకు పండగే, దారి పొడుగునా కథలు చెప్పడానికి ఇంకో మనిషి దొరికింది. ఆమె కాపురం చెడి పుట్టింటికి వస్తోందని నాకు మీసాలొచ్చాక తెలిసింది. ఈ ప్రయాణాన్ని ఎప్పుడు రాసినా అవ్వ తినలేదనే రాస్తాను. ఎందుకో చెప్పను. తెలిసినవాళ్లకు అది తెలుస్తుంది. నీ కథ రెండో పేరాలోనే నంద్యాలలో ఆపరేషన్ అని, ఖర్చుకు పొలం కుదువ పెట్టారని చెప్పేశావు. ఏడేళ్ల పిల్లకు అవన్నీ ఎవరు చెప్పారు? తాత చొక్కా లోపలి జేబును మాటిమాటికీ తడుముకున్నాడా? పక్కవాళ్లు అడిగితే ఊరికే చుట్టాలింటికని చెప్పాడా? అలాంటివి గుర్తు తెచ్చుకో.

తాతకు చెవులు సరిగా వినపడటం లేదన్నావు. ఇంకా ఆలస్యం చేయకు. వచ్చే సెలవుకు దొనకొండ వెళ్లి దగ్గర కూర్చో. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని పట్టా వెంట గస్తీ తిరిగేటప్పుడు తోడు ఎవరుండేవాళ్లు, వంతెన మీద ఉండగా బండి వస్తే ఎక్కడ నిలబడేవాళ్లు, అడవిలో దేనికి భయపడేవాళ్లు, ఇవన్నీ అడుగు. చెప్పింది చెప్పినట్టు, ఆయన మాటల్లోనే రాసుకో. నీ భాషలోకి దిద్దొద్దు. తర్వాత కథ తిరగరాసి దసరాలోపు నాకు పంపు. టైపు చేయించే పని పెట్టుకోకు, చేతిరాతైనా చదువుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు