కార్తెలు చూసి విత్తితే ఇప్పుడు పంట వస్తుందా? మా చేనులో జరిగింది చెప్తాను

కళ్యాణదుర్గం దగ్గర మీకు 6 ఎకరాల మెట్ట ఉందన్నారు. నాన్నగారు కార్తె చూసే విత్తమంటున్నారు, వానలేమో లెక్క తప్పాయి, ఎవరి మాట వినాలి అని అడిగారు. మాది కదిరి వైపు, మీలాంటి ఎర్రనేలే.

తేదీల వరకు మీ అనుమానం నిజం. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే దాదాపు రెండు వారాలు; అది సూర్యుడి నడకను బట్టి వస్తుంది, అందుకే ఏటా ఇంచుమించు అదే రోజుకు వస్తుంది. వాన అలా రావడం లేదు. 2018లో మొదటి పదునుకే (విత్తడానికి సరిపడా నేల తడవగానే) ఉన్న ఐదెకరాలూ వేరుశనగ వేశాను. మొలక బాగా వచ్చింది. సరిగ్గా ఊడలు, అంటే పూత తర్వాత కాయ కట్టడానికి మట్టిలోకి పోయే కాడలు, దిగే సమయానికి వాన మొహం చాటేసింది, నేల బిగుసుకుపోయింది. ఊడ మట్టిలోకి దిగకపోతే కాయ ఎక్కడిది? పశువులకు మేత మిగిలింది, అంతే.

అప్పుడు పుబ్బ కార్తె, సెప్టెంబరు మొదటి రోజులు. మా అవ్వ, "పుబ్బ ఇంకా పోలేదు, ఉలవలు వేసుకోరా" అంది. ఇంట్లో శేరు ఉలవలు కూడా లేవు. అంగడికి పోతే అందరూ అదే పనిమీద వచ్చారు, దొరకలేదు. ఆ రోజు పడిన బాధ వేరుశనగ పోయినప్పుడు కూడా పడలేదు. ఎందుకంటే తర్వాత వాన పడింది. మన వైపు సెప్టెంబరు వానే పెద్దది కదా. పదును ఉంది, విత్తనం లేదు.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని మనవాళ్ళు అంటారు. ఉత్తర కార్తెలో కూడా వాన రాకపోతే గంప ఎత్తుకుని వలస పొమ్మని చెప్పిన మాట అది. కానీ ఉత్తర అంటే సెప్టెంబరు నడుమ. అప్పటిదాకా ఏదో ఒకటి విత్తుకునే దారి ఉందని కూడా అందులో ఉంది. ముందు వాన పడితే కంది, ఆముదం, వేరుశనగ. ఆలస్యమైతే కొర్ర, 80–90 రోజుల్లో చేతికొస్తుంది. అదీ దాటితే ఉలవ. పెద్దల దగ్గర నేర్చుకోవాల్సింది ఈ వరస. ఇది సాగాలంటే అన్ని విత్తనాలూ ముందే ఇంట్లో ఉండాలి. ఒక్క వేరుశనగే నమ్ముకుని, ఏటా విత్తనం కొనడం అలవాటయ్యాక మనం పోగొట్టుకున్నది అదే.

అవ్వ పద్ధతి ఇది. కందులకు ఎర్రమట్టి నీళ్ళు పట్టించి బాగా ఎండబెడుతుంది. ఉలవలు బూడిదలో కలిపి కుండలో పోసి, పైన ఎండిన వేపాకు వేసి మూతి కడుతుంది. 2019 నుంచి నేనూ అదే చేస్తున్నాను. వేరుశనగ మానలేదు, మధ్యమధ్య కంది సాళ్ళు మాత్రం తప్పకుండా వేస్తాను. దాని వేరు లోతుకు పోతుంది, వేరుశనగ పీకేశాక కూడా చేనులో నిలబడి ఆలస్యంగా పడే వానను వాడుకుంటుంది.

ఒక ఎకరంలో వాన రాకముందే, పొడిదుక్కిలో నవధాన్యాలు (రకరకాల విత్తనాలు కలిపి) చల్లుతున్నాను. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు నేర్పారు. విత్తనాలకు బంకమట్టి, బూడిద, బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నంతో చేసే విత్తనశుద్ధి ద్రావణం) పట్టించి గుళికలు చేసి చల్లి, పైన వేరుశనగ పొట్టు పరుస్తాం. ఆ ఎకరంలో మట్టి చేతికి మెత్తగా తగులుతోంది.

కష్టం కూడా చెప్పాలి. కొర్రలు పండించడం తేలిక, బియ్యం చేయించడమే ఇబ్బంది. మాకు దగ్గరలో మిల్లు లేదు. పాతకాలంలో ఆడవాళ్ళు దంచేవాళ్ళు, ఇప్పుడు ఆ చాకిరీ ఎవరి నెత్తినా పెట్టలేం. కొర్ర ఎక్కువగా వేసేముందు మిల్లు సంగతి కనుక్కోండి.

మీ నాన్నగారి మాట, ఫోన్లో వాతావరణ సూచన రెండూ చూడండి. వాతావరణ శాఖ వాళ్ళ మేఘదూత్ యాప్‌లో తెలుగులో సలహాలు వస్తాయి. మీ ఆరెకరాల్లో నేనైతే మొదటి వానకు మూడెకరాలకు మించి విత్తను. మిగతా మూడూ దున్ని సిద్ధంగా ఉంచుతాను. ఉలవలు గొర్రుతో (సాళ్ళలో విత్తే పనిముట్టుతో) అయితే ఎకరాకు 8–10 కిలోలు సరిపోతాయి. ఊళ్ళో ఎవరి దగ్గరైనా పాత రకం ఉందేమో ఇప్పుడే అడిగి తెచ్చుకోండి, ఆగస్టులో అడిగితే దొరకవు.